వాచీతో కట్టిన బిల్లు, సరుకు వెనక్కి ఇవ్వబోతే "ఇది ఆ కార్డు కాదు" అంటున్నారు

కొత్తవాచీ | సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు. ఈసారి రాయక తప్పలేదు.

రెండు వారాల కిందట స్మార్ట్‌వాచ్ కొని, నా క్రెడిట్ కార్డు దాంట్లో ఎక్కించాను. మొదటిసారి కౌంటర్ దగ్గర మణికట్టు తిప్పి మెషిన్ మీద పెడితే చేతికి చిన్నగా తట్టినట్టయింది, బిల్లు బయటికొచ్చింది. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను, అబద్ధమెందుకు. ఆ రోజు కొన్నవి బూట్లు. ఇంటికొచ్చి తొడిగితే ఒక సైజు తక్కువ.

మర్నాడు వెనక్కి ఇద్దామని వెళ్తే కట్టిన కార్డు చూపించమన్నారు. తీసి ఇచ్చాను. బిల్లు మీద ఉన్న చివరి నాలుగంకెలు వేరు, కార్డు మీద ఉన్నవి వేరు. "మీరు కట్టింది ఈ కార్డుతో కాదండీ" అంది కౌంటర్లో అమ్మాయి. "వాచీతో కట్టానమ్మా, వాచీలో ఉన్నది ఈ కార్డే" అన్నాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు నన్ను దొంగసొత్తు మార్చుకోవడానికొచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. బూట్లు చంకన పెట్టుకుని తిరిగొచ్చేశాను.

ఆ నాలుగంకెలు ఎవరివి? డబ్బు ఇంకెవరి కార్డులోంచో పోయిందా అంటే, బ్యాంకు మెసేజ్ మాత్రం నా కార్డు పేరుతోనే వచ్చింది. బుర్ర పనిచేయడం లేదు.

పాతపర్సు | సోమవారం, రాత్రి 9:31

మొత్తుకుంటే ఎవరు విన్నారు? జేబులో ప్లాస్టిక్ ముక్క ఉండగా చేతిగడియారంతో డబ్బు కట్టడమేంటి? దానికి చార్జింగ్ అక్కర్లేదు, అప్‌డేట్ అక్కర్లేదు, అంకెలు రాత్రికి రాత్రి మారిపోవు.

కౌంటర్‌వెనక | సోమవారం, రాత్రి 9:58

కొత్తవాచీ గారూ, కంగారు పడకండి. ఆరేళ్లుగా బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తున్నా, వారానికి రెండుసార్లయినా ఈ గొడవ చూస్తాను. కొత్తగా చేరిన పిల్లలకి ఇది ఎవరూ నేర్పరు, వాళ్లని అనుకుని లాభం లేదు.

బిల్లు మీద పడింది మీ కార్డు నంబరు కాదు, మీ వాచీ నంబరు. కార్డు ఎక్కించినప్పుడు వాచీకి విడిగా ఒక నంబరు ఇస్తారు. ఈసారి వెళ్లినప్పుడు కార్డు బయటికి తియ్యకండి. "వాచీతో కట్టాను, వాచీనే ట్యాప్ చేస్తాను" అని చెప్పండి. వాపసుకి కూడా కొన్నప్పటిలాగే మణికట్టు మెషిన్ మీద పెడితే నంబరు దానంతటదే కలుస్తుంది.

నోటితో చెప్పమంటే ఆ చివరి అంకెలు మీ దగ్గరే ఉంటాయి. ఐఫోన్ వాళ్లకి వాలెట్‌లో (వాచీకైతే ఫోన్‌లోని వాచ్ యాప్‌లో ఉన్న వాలెట్‌లో) కార్డు వివరాల్లో "పరికర ఖాతా నంబరు" అన్న అర్థంతో కనబడుతుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాలెట్ దాన్నే వర్చువల్ ఖాతా నంబరు అంటుంది. బిల్లు పక్కన పెట్టి చూసుకోండి.

సోల్డరింగ్‌మాస్టర్ | సోమవారం, రాత్రి 10:40

కౌంటర్‌వెనక గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకలా చేశారో కూడా చెప్పుకుంటే మిగతా చిక్కులన్నీ వాటంతటవే విడిపోతాయి. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

వాచీలోకో ఫోన్‌లోకో కార్డు ఎక్కించినప్పుడు అసలు నంబరు అందులో దాచిపెట్టరు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ ఒక మారునంబరు పుట్టిస్తుంది. దాన్ని టోకెన్ అంటారు. చూడ్డానికి కార్డు నంబరులాగే ఉంటుంది, దుకాణం మెషిన్‌కి తేడా తెలియదు. టోకెన్ నుంచి అసలు కార్డుకి దారి నెట్‌వర్క్ దగ్గరున్న పట్టికలోనే ఉంటుంది. ఈ పద్ధతికి ఉమ్మడి నియమావళిని, ఆ నెట్‌వర్కులన్నీ కలిసి నడిపే ఈఎంవీకో అనే సంస్థ 2014లో వెలువరించింది. యాపిల్ పే మొదలైందీ ఆ ఏడాది అక్టోబరులోనే. వాచీ మరుసటి ఏడాది వచ్చింది.

ఇక కట్టేటప్పుడు: మెషిన్ 13.56 మెగాహెర్ట్జ్ మీద ఒక చిన్న అయస్కాంత క్షేత్రం వెదజల్లుతుంది. నాలుగు సెంటీమీటర్ల లోపు వస్తేనే మాట్లాడుకుంటాయి. అప్పుడు వాచీ టోకెన్‌తో పాటు ఆ ఒక్క కొనుగోలుకే పనికొచ్చే సంకేతం ఒకటి లెక్కగట్టి ఇస్తుంది. ఎవరైనా మధ్యలో పట్టుకుని రేపు వాడబోతే చెల్లదు. దాన్ని లెక్కగట్టే రహస్య తాళం యాపిల్ పరికరాల్లో సెక్యూర్ ఎలిమెంట్ అనే విడి చిప్‌లో ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా దాన్ని చదవలేదు. ఆండ్రాయిడ్ వేరే దారి పట్టింది. 2013లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి ఆ చిప్ లేకుండా సాఫ్ట్‌వేరే కార్డులా నటించే ఏర్పాటు ఉంది. ఆ దారిలో తాళాలు కొన్ని వాడకాలకే సరిపడా ఫోన్‌లోకి దిగుతాయి, అయిపోతే నెట్ నుంచి మళ్లీ తెచ్చుకుంటుంది.

కాబట్టి మీ వాచీలో ఉన్నది మీ కార్డు కాదు. మీ కార్డుకి పుట్టిన ఇంకో కార్డు. ఫోన్‌లో కూడా ఎక్కిస్తే మూడోది. ఖాతా ఒకటే, నంబర్లు మూడు.

పాతపర్సు గారూ, మీ ప్లాస్టిక్ ముక్కా కరెంటు తాగేదేనండోయ్. ట్యాప్ చేసినప్పుడు మెషిన్ క్షేత్రం నుంచే అందులో చిప్‌కి కరెంటు అందుతుంది. మీరు చార్జింగ్ పెట్టడం లేదు, దుకాణం వాడు పెడుతున్నాడు.

పాతపర్సు | సోమవారం, రాత్రి 10:52

అదే మంచిది కదా మాస్టారూ, ఖర్చు వాడిది!

కొత్తవాచీ | సోమవారం, రాత్రి 11:05

సోల్డరింగ్‌మాస్టర్ గారూ, కౌంటర్‌వెనక గారూ, ఇద్దరికీ దండం. ఇప్పుడు అర్థమైంది. కానీ ఇంకో తలనొప్పి తెచ్చుకున్నట్టున్నాను.

షాపు నుంచి తిరిగొచ్చాక, ఏదో తప్పు కార్డు ఎక్కిందేమోనని భయపడి వాచీలోంచి కార్డు తీసేశాను. పదినిమిషాలాగి మళ్లీ అదే కార్డు ఎక్కించాను. ఇప్పుడు చూస్తే వాచీలో చివరి నాలుగంకెలు ఇంకేవో ఉన్నాయి. బిల్లుతోనూ కలవడం లేదు, కార్డుతోనూ కలవడం లేదు.

సోల్డరింగ్‌మాస్టర్ | సోమవారం, రాత్రి 11:11

అయ్యో. అది ఇంకో కొత్త నంబరు. తీసేసినప్పుడే పాత టోకెన్ చచ్చిపోయింది, మళ్లీ ఎక్కిస్తే కొత్తది పుట్టింది.

కౌంటర్‌వెనక | సోమవారం, రాత్రి 11:20

దారి ఉంది. పొద్దున డ్యూటీ నుంచి వచ్చాక వివరంగా రాస్తా. బిల్లు మాత్రం పారెయ్యకండి. మడత పెట్టకండి, ఎండలో పెట్టకండి, ఆ కాగితం మీద అక్షరాలు ఎండకి వెలిసిపోతాయి. ముందు ఫోటో తీసి పెట్టుకోండి.

బస్సుపాసు | మంగళవారం, ఉదయం 7:02

"ఖాతా ఒకటే, నంబర్లు మూడు" అన్నమాట నాకు ముందే తెలిసుంటే ఎంత బాగుండేది! కొన్ని నగరాల్లో రైలెక్కేటప్పుడు గేటు దగ్గర బ్యాంకు కార్డే ట్యాప్ చేసి వెళ్లొచ్చు. ఆ రోజు ఎన్నిసార్లు తిరిగినా ఒక పరిమితి దాటి తీసుకోరు. లండన్ బస్సుల్లో 2012 చివర్లో, భూగర్భ రైళ్లలో 2014లో ఇది మొదలైంది.

నేనేం చేశానంటే, లోపలికి వెళ్లేటప్పుడు వాచీ, బయటికొచ్చేటప్పుడు చేతిలో ఉంది కదా అని ఫోన్. కార్డు ఒకటేగా అనుకున్నా. వ్యవస్థ కంటికి ఎక్కి దిగని మనిషి ఒకడు, ఎక్కకుండానే దిగిన మనిషి ఇంకొకడు. ఇద్దరికీ పూర్తి చార్జీ వేసింది. ఆ ఇద్దరూ నేనే.

అప్పట్నుంచి ప్రయాణానికి వాచీ ఒక్కటే.

ఆరుచుక్కలు | మంగళవారం, ఉదయం 8:45

చర్చ వాపసు గురించే అయినా, "చేతిగడియారంతో డబ్బు కట్టడమేంటి" అన్న ప్రశ్నకి నా వైపు నుంచి ఒక జవాబు.

నాకు చూపు లేదు. కార్డుతో కట్టాలంటే పిన్ కొట్టాలి. పాత మెషిన్ మీద బొత్తాలుండేవి, ఐదు అంకె మీద చిన్న బొడిపె ఉండేది, దాన్ని పట్టుకుని మిగతావి లెక్కేసుకునేదాన్ని. ఇప్పుడు చాలాచోట్ల నున్నటి గాజు తెర. వేలు ఎక్కడ పెడుతున్నానో నాకు తెలియదు. పిన్ పక్కవాళ్లకి చెప్పి కొట్టించుకున్న రోజులున్నాయి. ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది, తప్పు నాది కాకపోయినా.

ఫోన్ వచ్చాక నా వేలిముద్రే, నా ముఖమే పిన్ అయింది. వాచీ వచ్చాక అదీ అక్కర్లేదు. పొద్దున చేతికి పెట్టుకుని ఒకసారి కోడ్ కొడితే, తీసేదాకా తెరిచే ఉంటుంది. మెషిన్ దొరకగానే మణికట్టు మీద తడుతుంది, అది నాకు "అందింది" అన్నమాట.

లోటూ చెప్పాలి. మెషిన్ తెర మీద ఎంత కొట్టారో నాకు కనబడదు. కట్టాక ఫోన్ ఆ మొత్తాన్ని చదివి వినిపిస్తుంది గానీ, కట్టేముందు తెలియాలి కదా. "ఎంతయింది" అని గట్టిగా అడిగి, వాళ్లు చెప్పాకే చెయ్యి చాపుతాను.

కౌంటర్‌వెనక | మంగళవారం, మధ్యాహ్నం 3:30

ఆరుచుక్కలు గారూ, మీ పోస్టు మా కౌంటర్ వాళ్లందరికీ చదివి వినిపించాను. ఇకనుంచి అడగకుండానే మొత్తం చెప్పమన్నాను.

ఒక్క హెచ్చరిక, అందరికీ. వాచీ తట్టింది, టిక్కు గుర్తొచ్చింది అంటే డబ్బు కట్టేసినట్టు కాదు. "నేను చెప్పాల్సింది మెషిన్‌కి చెప్పేశాను" అని మాత్రమే వాచీ అంటోంది. ఒప్పుకునేది బ్యాంకు. ఆ జవాబు మెషిన్ తెర మీదకి రెండు మూడు క్షణాలాగి వస్తుంది. వాచీ టిక్కుమనగానే సంచీ పట్టుకుని నడిచిపోయేవాళ్లని వెనక్కి పిలవడం మా రోజువారీ వ్యాయామం. మొన్న ఒకాయన "నా వాచీలో డన్ అని పడింది, మీ మెషిన్ అబద్ధం చెబుతోంది" అని పావుగంట వాదించాడు. కార్డు గడువు తీరిపోయింది, అంతే.

ఇక కొత్తవాచీ గారి సంగతి. ఇలా చేయండి:

బిల్లు మీద కార్డు అంకెలు కాకుండా ఇంకో పొడుగు నంబరు ఉంటుంది, లావాదేవీ నంబరో, అనుమతి కోడో. కౌంటర్లో ఉన్న వాళ్లకి కాకపోయినా మేనేజర్ లాగిన్‌లో ఆ నంబరుతో పాత కొనుగోలు వెతికి, దాని మీదే వాపసు కొట్టే అవకాశం చాలా వ్యవస్థల్లో ఉంటుంది. అప్పుడు కార్డు, వాచీ ఏదీ ట్యాప్ చెయ్యక్కర్లేదు. డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెనక్కి పోతుంది.

టోకెన్ చచ్చిపోయింది కదా, దారి మూసుకుపోలేదా అంటారేమో. దానికి మాస్టారు చెప్పాలి.

సోల్డరింగ్‌మాస్టర్ | మంగళవారం, సాయంత్రం 6:15

టోకెన్‌తో కొత్తగా కొనడం ఆగిపోతుంది. కానీ ఆ టోకెన్ ఏ కార్డుదో నెట్‌వర్క్, బ్యాంకు పుస్తకాల్లో ఉంటుంది. పాత కొనుగోలుని పట్టుకుని పంపిన వాపసు ఖాతాకి చేరుతుంది. ఎక్కడైనా చిక్కుకుంటే బిల్లుతో బ్యాంకుకి ఫోన్ చేస్తే వెతికి పట్టగలరు.

ఇంకోటుంది. ఈఎంవీకో వాళ్లే 29 అక్షరాల ఒక గుర్తుని ఏర్పాటు చేశారు, చెల్లింపు ఖాతా సూచిక అనుకోండి. ఒకే ఖాతాకి చెందిన కార్డు, వాచీ, ఫోన్ అన్నింటికీ అది ఒకటే ఉంటుంది. దాంతో డబ్బు కట్టలేం, "ఇవన్నీ ఒకరివే" అని తెలుసుకోవడానికే. అది అందుకునే దుకాణాల్లో అసలీ గొడవే రాదు. అందుకోని చోట్ల కౌంటర్లో పిల్ల నాలుగంకెల్నే నమ్ముకోవాలి, పాపం.

పాతపర్సు | మంగళవారం, సాయంత్రం 6:40

చూశారా, ఒక జత బూట్లు వెనక్కివ్వడానికి 29 అక్షరాలు కావాలి. నా కార్డుకి పదహారంకెలు చాలు.

సరదా పక్కన పెడితే నా అసలు భయం వేరే. ఫోన్ పోతే ఏంటి పరిస్థితి? కార్డు పోతే పోయింది కార్డే. ఫోన్ పోతే ఇల్లంతా పోయినట్టు.

నిద్రలేనిరాత్రి | మంగళవారం, రాత్రి 8:20

పోగొట్టుకున్నవాణ్ణి నేను చెప్తా అన్నా. ప్రయాణంలో ఫోన్ జారిపోయింది. చేతికి వాచీ ఉంది. ముందు చేసిన పని, ఇంకొకరి ఫోన్ అడిగి తీసుకుని నా ఖాతాలోకెళ్లి పోయిన ఫోన్‌ని లాస్ట్ మోడ్‌లో పెట్టడం. అందులో కార్డులు ఆగిపోయాయి. ఫోన్ ఆఫ్ అయి ఉన్నా ఆగుతాయి, ఎందుకంటే ఆపేది ఫోన్‌లో కాదు, మాస్టారు చెప్పిన ఆ పట్టికలో. అసలు కార్డు మామూలుగానే పనిచేసింది, ఇంటికొచ్చేదాకా వాచీతోనే కట్టుకుంటూ వచ్చా. కార్డే పోయుంటే బ్యాంకు దాన్ని ఆపేసి, కొత్తది పోస్టులో పంపేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి.

కాబట్టి ఆ భయం నాకు లేదు. నాకున్న భయం ఇది:

మా చిన్నాన్నకి పార్సిల్ ఆగిపోయిందని మెసేజ్ వచ్చింది. లింకు నొక్కి కార్డు వివరాలు ఇచ్చాడు. వెంటనే ఓటీపీ వచ్చింది, అదీ కొట్టేశాడు. చిన్న మొత్తమే కదా అనుకున్నాడు. ఆ ఓటీపీ డబ్బు కట్టడానికి కాదు, ఆయన కార్డుని వాళ్ల ఫోన్‌లో ఎక్కించుకోవడానికి. మెసేజ్‌లో స్పష్టంగా "మొబైల్ వాలెట్‌కి చేర్చడానికి" అనే ఉంది. కంగారులో అంకెలు చూశాడు గానీ అక్షరాలు చూడలేదు. ఆ తర్వాత అవతలివాడు దుకాణాల్లో దర్జాగా ట్యాప్ చేసుకుంటూ పోయాడు. వాడి ముఖం, వాడి వేలిముద్ర. మెషిన్ దృష్టిలో అంతా సక్రమమే.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. అలాంటప్పుడు కార్డు మార్పించుకుంటే చాలదు. కొత్త కార్డు ఇచ్చినప్పుడు పాత టోకెన్లు చెరిగిపోకుండా కొత్త కార్డుకి అతుక్కునే అవకాశం ఉంది. గడువు తీరి కార్డు మారినప్పుడు మనకి ఇబ్బంది లేకుండా ఉండాలని చేసిన ఏర్పాటు అది. దొంగకీ అంతే సౌకర్యం. "ఈ కార్డు ఏయే పరికరాల్లో ఎక్కి ఉందో చెప్పండి, నావి కానివన్నీ తీసేయండి" అని బ్యాంకుని గట్టిగా అడగాలి. మేం రెండోసారి ఫోన్ చేసినప్పుడు గానీ ఆ సంగతి బయటపడలేదు.

కౌంటర్‌వెనక | మంగళవారం, రాత్రి 8:41

ఇది పైన పిన్ చేసి పెట్టాలి.

సోల్డరింగ్‌మాస్టర్ | మంగళవారం, రాత్రి 9:30

నిద్రలేనిరాత్రి చెప్పింది చాలా ముఖ్యం. టోకెన్ కోటని గోడ దూకి ఎవరూ పడగొట్టడం లేదు, తలుపు దగ్గర తాళం అడిగి తీసుకుంటున్నారు. 2015 మొదట్లో యాపిల్ పే కొత్తలోనే దొంగిలించిన కార్డులు ఎక్కించుకోవడం బయటపడింది. ఆ చిప్‌ని ఛేదించినవాడు లేడు, బ్యాంకులు ఎక్కించేటప్పుడు సరిగా అడగలేదు అంతే.

మరి గాల్లోంచి దొంగిలించలేరా అంటే, పూర్తిగా కొట్టిపారేయలేం. 2021లో బర్మింగ్‌హామ్, సర్రే విశ్వవిద్యాలయాల పరిశోధకులు తాళం వేసి ఉన్న ఐఫోన్ నుంచి చెల్లింపు చేయించి చూపించారు. రైలు గేట్ల కోసం తాళం తీయకుండా కట్టే ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో వీసా కార్డు పెట్టుకుని ఉంటేనే అది సాధ్యం. మామూలుగా దుకాణంలో కట్టే పద్ధతికి వర్తించదు. రోజూ రైలెక్కనివాళ్లు ఆ ఎక్స్‌ప్రెస్ సెట్టింగ్ ఆపేసుకుంటే సరి.

2024 ఆగస్టులో ఈసెట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఎన్‌గేట్ అనే మాల్‌వేర్ (దొంగ సాఫ్ట్‌వేర్) గురించి చెప్పింది. అది ఆండ్రాయిడ్ ఫోన్‌లో దూరి, "ధృవీకరణ కోసం మీ కార్డుని ఫోన్ వెనక పెట్టండి" అని అడుగుతుంది. పెడితే ఆ సంభాషణని దూరాన ఉన్న దొంగ ఫోన్‌కి చేరవేస్తుంది. పాతపర్సు గారూ, గమనించండి: అక్కడ దొరికిపోయింది ప్లాస్టిక్ కార్డే.

పాతపర్సు | మంగళవారం, రాత్రి 9:44

నేను నా కార్డుని ఎవరి వెనకా పెట్టను లెండి.

బస్సుపాసు | బుధవారం, ఉదయం 7:10

ఒక ప్రశ్న, నాదే కాదు, చాలామందిది: ఫోన్ చార్జింగ్ అయిపోతే ఎలా? "అయిపోయినా ఐదు గంటలు పనిచేస్తుంది" అని ఎక్కడో చదివాను. కౌంటర్ దగ్గర ప్రయత్నిస్తే చెయ్యలేదు.

సోల్డరింగ్‌మాస్టర్ | బుధవారం, ఉదయం 7:48

సగం నిజం. 2018 నాటి ఐఫోన్ ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచి, బ్యాటరీ అడుగంటాక కూడా ఐదు గంటల దాకా పనిచేసేవి ఎక్స్‌ప్రెస్‌గా పెట్టుకున్న ప్రయాణ కార్డులు, పాసులు, తాళాలు మాత్రమే. కౌంటర్లో కట్టడానికి మీ ముఖమో వేలిముద్రో చూడాలి కదా, చచ్చిన ఫోన్ ఎలా చూస్తుంది? వాచీ విషయానికొస్తే, పక్కన ఫోన్ లేకపోయినా, నెట్ లేకపోయినా కడుతుంది. దాని బ్యాటరీ మాత్రం ఉండాలి.

ఆరుచుక్కలు | బుధవారం, ఉదయం 9:20

మరి ఫోన్ మెషిన్‌కి ఎక్కడ తగిలించాలో ఎవరూ చెప్పరేం? నాకు చాలా తంటాలొచ్చాయి. చూపున్నవాళ్లు కూడా ఫోన్‌ని బల్లపరుపుగా పెట్టి రుద్దుతుంటారని విన్నాను.

సోల్డరింగ్‌మాస్టర్ | బుధవారం, ఉదయం 9:55

మంచి ప్రశ్న. ఐఫోన్‌లో యాంటెన్నా పైఅంచున ఉంటుంది, నెత్తి తగిలించాలి. చాలా ఆండ్రాయిడ్‌లలో వీపు మధ్యలోనో కాస్త పైనో ఉంటుంది, వెనక్కి తిప్పి ఆనించాలి. వాచీకైతే గాజు ముఖమే మెషిన్ వైపు తిరగాలి. మెషిన్‌లో కూడా చోటు ముఖ్యం: నాలుగు వంపు గీతల గుర్తు ఎక్కడుంటే అక్కడే. కొన్నింటికి తెర మీద, కొన్నింటికి నెత్తి మీద, కొన్నింటికి పక్కన.

రుద్దకూడదు, ఊపకూడదు. ఒక క్షణం కదలకుండా ఉంచితే చాలు. లోహపు కవరున్నా, కవరు వెనక జేబులో ఇంకో ట్యాప్ కార్డు పెట్టుకున్నా మెషిన్ తికమకపడుతుంది. ఎవరి డబ్బు తీసుకోవాలో దానికి తెలియదు మరి.

కౌంటర్‌వెనక | బుధవారం, మధ్యాహ్నం 2:15

వాచీవాళ్లతో ఇంకో సరదా ఉంది. అందరూ ఎడమచేతికి పెట్టుకుంటారు, మెషిన్ కుడిచేతి వైపు బిగించి ఉంటుంది. ఒళ్లంతా మెలితిప్పి, సంచీ కింద పడేసి, ఆ గాజు ముఖం తిప్పడానికి మణికట్టుని నాట్యముద్రలా పెడతారు. పొడుగు చేతుల చొక్కా అయితే ఇంకా బాగుంటుంది. తీగ ఉన్న మెషిన్ అయితే నేనే ఎత్తి వాళ్ల చేతికి చూపిస్తా. అడగండి, సిగ్గుపడక్కర్లేదు.

నిద్రలేనిరాత్రి | బుధవారం, రాత్రి 7:36

వాచీ ప్రతి పది నిమిషాలకీ కోడ్ అడుగుతోందంటే బెల్టు వదులుగా ఉందని అర్థం. వెనక సెన్సర్ చర్మాన్ని చూస్తూ ఉంటుంది, పట్టు తప్పితే "తీసేశారు" అనుకుని తాళం వేసుకుంటుంది. మణికట్టు మీద ముదురు పచ్చబొట్టు ఉన్నా అదే గోల. విసుగొచ్చి మణికట్టు గుర్తింపు ఆపేద్దామనుకోకండి, ఆపితే యాపిల్ వాచీలో కట్టే ప్రతిసారీ కోడ్ కొట్టాల్సి వస్తుంది. గార్మిన్ కంపెనీ వాచీల్లో దారి వేరు, ఒకసారి నాలుగంకెలు కొడితే ఇరవైనాలుగు గంటలో, చేతి నుంచి తీసేదాకానో నడుస్తుంది.

కొత్తవాచీ | గురువారం, రాత్రి 8:50

అందరికీ చెప్పాల్సిన వార్త. ఇవాళ మళ్లీ వెళ్లాను. అదే అమ్మాయి. నన్ను గుర్తుపట్టింది, నేనూ గుర్తుపట్టాను, ఇద్దరం కాస్త బిగుసుకున్నాం. కార్డు బయటికి తీయలేదు, వాచీ చూపించలేదు. "బిల్లు మీదున్న లావాదేవీ నంబరుతో వెతికి వాపసు ఇవ్వగలరేమో మేనేజర్ గారిని అడుగుతారా" అన్నాను, కౌంటర్‌వెనక గారు చెప్పిన మాటలే, దాదాపు అప్పజెప్పాను.

మేనేజర్ వచ్చి నంబరు కొట్టగానే ఆ రోజు కొనుగోలు తెర మీదకొచ్చింది. రెండు బొత్తాలు నొక్కారు. అంతే. కాగితం చేతికొచ్చింది. దాని మీద ఉన్నవి ఆ చచ్చిపోయిన నాలుగంకెలే!

ఆ అమ్మాయి వెనకాల నిలబడి అంతా చూసింది. "వాచీకి వేరే నంబరుంటుందా సార్?" అని అడిగింది. ఈ మూడు రోజుల్లో నేర్చుకున్నదంతా చెప్పబోయాను. లైన్లో ఉన్నవాళ్లు దగ్గారు. సగంలో ఆపాను.

డబ్బు ఇంకా ఖాతాలో పడలేదు. పడగానే రాస్తాను.

పాతపర్సు | గురువారం, రాత్రి 9:05

మరి సరైన సైజు బూట్లు తీసుకున్నారా? దేంతో కట్టారు?

కొత్తవాచీ | గురువారం, రాత్రి 9:08

తీసుకున్నాను. వాచీతోనే. తొడుక్కుని షాపంతా రెండు చుట్లు తిరిగి, ఆ తర్వాత.

కొత్తవాచీ | సోమవారం, ఉదయం 10:22

డబ్బు పడింది. అసలు కార్డు స్టేట్‌మెంట్‌లోనే, కొనుగోలు కింద వాపసు అని.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 11:00

శీర్షికకి "పరిష్కారమైంది" అని చేర్చాం. నిద్రలేనిరాత్రి గారి మంగళవారం పోస్టుని వేదిక పైభాగాన పిన్ చేశాం.

కొత్తసభ్యుడు | సోమవారం, సాయంత్రం 4:47

నమస్తే అండీ, నాదీ ఇదే సమస్య. ఫోన్‌తో కట్టాను, సరుకు వెనక్కి ఇవ్వాలి. కాకపోతే ఆ ఫోన్‌ని నిన్ననే అమ్మేశాను. ఏం చెయ్యాలి?

కౌంటర్‌వెనక | సోమవారం, సాయంత్రం 5:03

బిల్లు ఉందా?

కొత్తసభ్యుడు | సోమవారం, సాయంత్రం 5:06

ఫోటో తీశానండీ. ఆ ఫోన్‌లోనే ఉంది.